ఆ పింగాణీ ముక్క ఎటు పోయింది?

గోనెగండ్ల పరిసర గ్రామాలలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పాలు దానిమీదే పోతాయి, పత్తి విత్తనాలు దానిమీదే వస్తాయి, రోగిని ఎమ్మిగనూరు ఆసుపత్రికి చేర్చేది కూడా చాలాసార్లు అదే. మా చెల్లెలి కొడుక్కు అది దుకాణం కూడా. ఎమ్మిగనూరులో తువ్వాళ్ళు, దుప్పట్లు కట్టలుగా కొని, బండి వెనుక కట్టుకొని కులుమాల, పెద్దమర్రివీడు, హెచ్.కైరవాడి తిరిగి అమ్ముకుంటాడు. తండ్రి లేని పిల్లవాడు. తల్లిని పోషిస్తూ, చెల్లెలిని డిగ్రీ చదివిస్తున్నాడు. బండి కదలని రోజున ఆ ఇంటికి రాబడి లేదు.

నిరుడు వర్షాకాలంలో ఒక సాయంత్రం గాజులదిన్నె జలాశయం దాటిన తరువాత ఆ బండి దగ్గడం మొదలుపెట్టింది. ఎలాగో ఇల్లు చేరి ప్లగ్గు ఊడదీసి చూస్తే, నడిమి కడ్డీని చుట్టి ఉండే తెల్లని పింగాణీ ఒక ప్రక్కన విరిగి ఉంది. విరిగిన ముక్క ప్లగ్గుకు అంటుకొని లేదు.

“మామా, ఇంజను పోయినట్టేనా?” అని అడిగాడు. సమాధానం నాకు తెలియదు. అయితే తెలిసినట్లు మాట్లాడేవారికి మా వీధిలో కొదవ లేదు. కొత్త ప్లగ్గు బిగించి తొక్కితే చాలునని ఒకరు, ఈపాటికి బోరంతా గీసుకుపోయి ఉంటుంది, హెడ్డు విప్పి పిస్టన్‌తో సహా మార్చక తప్పదని మరొకరు. మొదటి సలహాకు నూటయాభై రూపాయలు చాలు. రెండవదానికి చెల్లెలి ఫీజు కోసం దాచిన డబ్బు మొత్తం పోతుంది. మూడవ సలహా కూడా వచ్చింది: కొత్త ప్లగ్గు వేసి, నడుస్తున్నప్పుడే ఎవరికైనా అమ్మివేయడం. దాని సంగతి తరువాత చెబుతాను.

మరునాడు బండిని తోసుకుంటూ మా ఊరి పెద్ద మెకానిక్కు వద్దకు తీసుకువెళ్ళాము. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన మొదటి మాట “కిక్కు కొట్టొద్దప్పా” అని. రెండవది “విరిగిన ప్లగ్గు పారేయలేదు కదా?” అని.

ఈ రెండు మాటల వెనుక ఉన్న కారణం ఇంజను పనిని కొంచెం గుర్తు చేసుకుంటే బోధపడుతుంది. సిలిండరులో పిస్టన్ పైకీ క్రిందికీ ఆడుతుంది. ఈ ఏర్పాటు చాలా పాతదే. 1206లో దియార్‌బకిర్‌లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో జంట పిస్టన్లతో నీరు తోడే పంపును బొమ్మలతో సహా వివరించాడు. అందులో మంట లేదు. మన బండిలో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి వచ్చి నొక్కుతుంది, ప్లగ్గు కొసన రవ్వ పుట్టి అది మండుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగే వేళ ఈ దహనం సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఆ గదిలోకి ఒక రాతి రవ్వ పడితే, సెకనుకు వందసార్లు పిస్టన్ దానిని పైకప్పుకేసి కొట్టగలదు.

ప్లగ్గు పింగాణీ మనం టీ త్రాగే కప్పు పింగాణీ వంటిది కాదు. అందులో అత్యధిక భాగం అల్యూమినియం ఆక్సైడ్. కురువిందం ఇదే. కెంపు, నీలం మూలంలో ఇదే పదార్థం, సానచక్రాలలో వాడేదీ ఇదే. పిస్టన్ తయారయ్యే అల్యూమినియం దీని ముందు మైనంతో సమానం, సిలిండరు గోడనైనా ఇది గీయగలదు. అందుకే ప్లగ్గు విరిగినదా అన్నదానికంటే, ఏ భాగం విరిగింది, ఆ ముక్క ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నవే అసలు ప్రశ్నలు. ప్లగ్గు పైభాగాన, బయటకు కనిపించే పింగాణీ పగిలితే రవ్వ బయటకే కొట్టి బండి దగ్గుతుంది, ఇంజను లోపలికి ఏమీ పోదు. పానా ఏటవాలుగా పెట్టి విప్పినప్పుడు ఇలా పగులుతుంటుంది. లోపలి కొస విరిగితేనే భయం.

ఉస్తాద్ అదే నంబరు గల కొత్త ప్లగ్గును విరిగినదాని ప్రక్కన పెట్టి చూశాడు. లోపలి కొసన పోయినది బియ్యపు గింజలో సగమంత. ప్రక్క కడ్డీ చెక్కుచెదరలేదు, దానిపై దెబ్బ గుర్తు లేదు. అంటే పిస్టన్ వచ్చి ప్లగ్గును తాకలేదు, ఇనుప ముక్క ఏదీ లోపల పడలేదు. కరిగిన జాడ కూడా లేదు. వెదకవలసినది పింగాణీ ముక్క ఒక్కటే. ముందుగా ఇంటికి మనిషిని పంపి, ప్లగ్గు ఊడదీసిన చోట నేల వెదికించాడు. ఊడదీసేటప్పుడే బయట రాలిపోయి ఉంటే ఇంజనును అనుమానించడం వృథా కదా! అక్కడ ఏమీ దొరకలేదు.

జొన్నగిరి, తుగ్గలి పొలాలలో తొలకరి వానలు పడగానే జనం వంగి నడుస్తూ వజ్రాల కోసం వెదకడం మా జిల్లా వారందరికీ తెలిసినదే. ఆ రోజు ఆ షెడ్డులో మేము కూడా అలాగే వంగి, అంతకంటె ఆత్రంగా, ఒక తెల్లని రవ్వ కోసం వెదికాము.

ప్లగ్గు రంధ్రం చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊది, సన్నని తీగ కొసన దీపం గల కెమెరాను లోపలికి దించి ఫోనులో చూపించాడు. కడుపులోకి గొట్టం వేసి చూసే వైద్యుల పరీక్ష వంటిదే ఇది. ఇటువంటి కెమెరా ఇప్పుడు చిన్న షెడ్లలో కూడా కనిపిస్తున్నది. పిస్టన్ తల నల్లని మసితో ఉంది. ఒక అంచున రెండు మూడు చిన్న గుంటలు మెరుస్తున్నాయి. అవి కొత్తవి, ఎందుకంటే వాటిలో ఇంకా మసి పట్టలేదు. వాటి ప్రక్కనే గసగసాలంత తెల్లని పలుకు. అయస్కాంతం పింగాణీని పట్టదు. సన్నని పుల్ల కొసకు గ్రీజు పూసి, దానిని అంటించి పైకి తీశాడు. తరువాత చక్రాన్ని చేత్తో మెల్లగా త్రిప్పించి, పిస్టన్‌ను క్రిందికి దింపి, గోడను చుట్టూ చూశాడు. తయారీలో పెట్టిన అడ్డగీతలు కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తున్నాయి. నిలువు గీత ఒకే ఒకటి, వెంట్రుకంత. అది ఈ ముక్క గీసినదా, పాతదా అన్నది ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు.

మిగిలిన ముక్క? నలిగి, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నప్పుడు పొగతో పాటు సైలెన్సరులోకి పోయి ఉండాలి. పోతూ పోతూ వాల్వుకూ దాని పీటకూ మధ్య చిక్కుకుంటే మాత్రం వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇది కెమెరాకు సరిగా కనిపించదు, కంప్రెషన్ గేజీతోనే తెలుస్తుంది. తాళం ఆపి, ప్లగ్గు రంధ్రంలో గేజీ బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి పట్టుకొని, ముల్లు ఇక పైకి పోనంత వరకు కిక్కు కొట్టాలి. అప్పటివరకు కిక్కు ముట్టనివ్వని ఉస్తాద్, లోపల ఖాళీ అని కళ్ళతో చూసిన తరువాతే దీనికి ఒప్పుకున్నాడు. వచ్చిన అంకె కంపెనీ పుస్తకంలోని అంకెకంటె కొద్దిగా తక్కువ, అంతే. అయినా ఆయన ఊరుకోలేదు. రంధ్రంలో ఒక చెమ్చా ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలిచాడు. ఆయిలు పోయగానే అంకె బాగా పెరిగితే రింగులలోనో, గోడలోనో అరుగుదల ఉన్నట్లు. తక్కువ అంకె అక్కడే నిలిచిపోతే వాల్వు వద్ద కారుతున్నట్లు. ఇక్కడ స్వల్పంగా పెరిగింది. అయిదారేళ్ళు తిరిగిన బండికి అది సహజమైన అరుగుదలే.

చివరిగా పాత ఆయిలును తెల్లగుడ్డ మీదుగా వడగట్టాడు. వెండి మెరుపు కనిపిస్తే పిస్టన్ గీసుకుపోతున్నట్లు. గుడ్డ నల్లబడింది గాని మెరవలేదు. సైలెన్సరు విప్పి తట్టితే మసితో పాటు మరొక తెల్లని పలుకు రాలింది. రెండు పలుకులూ కలిపినా పోయినంత పరిమాణం రాలేదు. మిగతాది దారిలో ఎక్కడో పొడిగా రాలిపోయి ఉంటుందన్నాడు.

హెడ్డు విప్పవలసిన అవసరం లేదని ఆయన తేల్చాడు. అయితే బాగుందని కూడా అనలేదు. కొత్త ఆయిలు పోసి, అయిదు వందల కిలోమీటర్ల తరువాత దానినీ వడగట్టాలనీ, కంప్రెషన్ మరల కొలవాలనీ, ఈలోగా నీలిపొగ గాని లోపల కొట్టుకుంటున్న శబ్దం గాని వస్తే వెంటనే ఆపాలనీ చెప్పాడు. ఇంత పనికి ఆయన తీసుకున్నది, ప్లగ్గు, ఆయిలుతో కలిపి, వెయ్యి రూపాయల లోపే. మా వీధి సలహాదారులలో ఇద్దరికీ ఈ తీర్పు రుచించలేదు!

ప్లగ్గు ఎందుకు విరిగిందన్నది తేలకపోతే కొత్తది కూడా విరుగుతుంది. దాని కొస సుమారు 450 నుండి 850 డిగ్రీల వేడిలో ఉండేలా చేస్తారు. అంతకంటె చల్లబడితే మసి పడుతుంది, మించి కాగితే రవ్వ పుట్టకముందే మిశ్రమం అంటుకొని ఇంజనులో సుత్తిదెబ్బలు మొదలవుతాయి. బండికి తగని నంబరు ప్లగ్గు వేసినా, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనా ఈ ప్రమాదం ఉంటుంది. మా బండి ప్లగ్గు నంబరు సరైనదే, కొస తెల్లగా కాలిపోలేదు. అప్పుడు పిల్లవాడు గుర్తు చేసుకొని చెప్పాడు: పది రోజుల క్రితం దారిలో ఎవరో ప్లగ్గు తుడిచి, సందు పెద్దది చేయడానికి స్క్రూడ్రైవరు మొనను నడిమి కడ్డీకి ఆనించి ఎత్తారట. “అదే” అన్నాడు ఉస్తాద్. సందు సరిచేయాలంటే ప్రక్క కడ్డీని మాత్రమే వంచాలి. నడిమి కడ్డీపై బలం పడితే పింగాణీలో కంటికి కనిపించని పగులు పుడుతుంది, వేడికి అది విచ్చుకుంటుంది. పెట్రోలు స్ప్రేయరు వాడే రైతు సోదరులు కూడా ఈ మాట గుర్తుంచుకోవచ్చు, వాటిలోనూ ఉండేది ఇటువంటి ప్లగ్గే.

ఇక ఆ మూడవ సలహా. లోపం దాచి అమ్మమన్న పెద్దమనిషి మంచివాడే, పిల్లవాడి మీద జాలితోనే అన్నాడు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, అడుగున తడిని కనుగొని, దానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి అడిగిన ఉదంతం మనందరం విన్నదే. తడి ధాన్యమైతే చేతికి తగులుతుంది. సిలిండరు గోడమీది వెంట్రుకంత గీత కొనేవాడి చేతికి ఎలా తగులుతుంది? అది తెలిసినవాడు అమ్మేవాడొక్కడే.

అయిదు వందల కిలోమీటర్ల తరువాత వడగట్టిన ఆయిలులో మెరుపు లేదు. కంప్రెషన్ అంకె కదలలేదు. ఫీజు సకాలంలో కట్టారు. ఈ ఏడాది రంజాన్ తరువాత మేనల్లుడు సరుకు పెంచుకొని, కొంచెం పెద్ద బండి చూసుకున్నాడు. పాతదానికి ఆదోని వైపు నుండి ఒక పత్తి రైతు వచ్చాడు. మావాడు ఆ విరిగిన ప్లగ్గును, రెండు తెల్లని పలుకులను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి బండి కాగితాలతో పాటు ఆయన చేతికిచ్చి, గీత సంగతి, పరీక్షల సంగతి చెప్పాడు. ఆయన కవరును వెలుతురుకు ఎత్తి కాసేపు చూసి, బండిని ఒకసారి గాజులదిన్నె దాకా నడిపి వచ్చి, అడిగిన ధరలో పదిహేను వందలు తగ్గించి ఇచ్చి తీసుకువెళ్ళాడు.