బేరానికి వచ్చినామె ఏమడుగుతుంది?

గుడిబండలో అంగడి పెట్టి, దానికో వెబ్‌సైటు కూడా పెడదామనుకునేవాళ్ళకు మొదటి చిక్కు ఊరి పేరుతోనే వస్తుంది. కర్ణాటకలో చిక్కబళ్ళాపుర జిల్లాలో గుడిబండె అని ఇంకొకటుంది. దానికి కొండా ఉంది, కొండ మీద కోటా ఉంది, చూడ్డానికొచ్చే జనమూ ఉన్నారు. మనది మడకశిర పక్కనున్న గుడిబండ. పైగా 2022 ఏప్రిల్ 4న మన జిల్లా కూడా మారి, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయికి వచ్చాం. బయట ఊళ్ళవాళ్ళు ఇంకా పాత జిల్లా పేరుతోనే వెతుకుతారు. అందుకని అడ్రసును అడుగున చిన్నక్షరాల్లో పడేసి ఊరుకోకండి. రాష్ట్రం, రెండు జిల్లాల పేర్లు, హిందూపురం నుంచి ఎలా రావాలో విడమరిచి రాయండి.

"డిజైను గురించి చెప్పమంటే అడ్రసు గోల ఏంటప్పా?" అంటారేమో. డిజైనంటే అదే మరి. వచ్చేవాళ్ళెవరో, వాళ్ళు ఎక్కడ తడబడతారో తెలిశాకే రంగులూ బొమ్మలూ. మనవాళ్ళ సైట్లు చాలావరకు "మా గురించి" అని మొదలవుతాయి. వ్యవస్థాపకుల ఫోటో, రిబ్బన్ కత్తిరింపు, "నాణ్యతకు మారుపేరు" అన్న మాట. ఆ మాట రాయని అంగడి ఏదైనా ఉందా చెప్పండి! కొనేవాళ్ళు మాత్రం తమ అనుమానాలు మూటగట్టుకుని వస్తారు.

ధర్మవరం పట్టుచీరనే తీసుకుందాం. హైదరాబాదులో కూతురి పెళ్ళి పెట్టుకున్న ఒకావిడ, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఫోను పట్టుకుందనుకోండి. ఆమె ప్రశ్నలు ఇవీ: చేతిమగ్గమా, పవర్‌లూమా? పట్టు అసలుదేనా? జరీ టెస్టెడా, హాఫ్‌ఫైనా? బరువెంత? రవికె గుడ్డ కలిసి వస్తుందా? ముహూర్తానికి ముందే చేరుతుందా? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? చీర బొమ్మ పక్కనే వీటికి జవాబులుంటే ఆమె ఆగుతుంది. "వివరాలకు సంప్రదించండి" అని ఉంటే ఇంకో అంగడి సైటుకు పోతుంది.

ఇందులో కాస్త నిజాయితీ కూడా కావాలి. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ పట్టు అసలుదని చెబుతుంది, అంతే. చేత్తో నేశారని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్. ఇవి కాక, ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వీటి గుర్తులన్నీ వరసగా అంటించేస్తే చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాదు. మీ సరుకుకు ఏవి ఉన్నాయో అవే పెట్టి, ఒక్కోదాని కింద అది దేనికి పూచీయో ఒక్క వాక్యం రాయండి. సగం బేరం అక్కడే తెగుతుంది.

ఫోటోల సంగతీ అంతే. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసే డబుల్ షేడ్ చీరలు ధర్మవరానికి పేరు తెచ్చాయి. మడత కదిలితే రంగు మారుతుంది. దాన్ని ఒక్క ఫోటోలో బంధిస్తే, చేతికందాక "నేను చూసిన రంగు ఇది కాదన్నా" అని ఆవిడ అనడం న్యాయమే. పగటి వెలుతురులో ఒకటి, దీపాల కింద ఒకటి, కొంగు కదిలిస్తూ చిన్న వీడియో ఒకటి పెట్టండి. ఫోను కెమెరా తీసిన ఐదారు ఎంబీల ఫోటోను ఉన్నదున్నట్టు ఎక్కించకండి. రెండు మూడు వందల కేబీలకు కుదించినా జరీ తళుకు కనిపిస్తుంది, సిగ్నలు సరిగా లేని ఊళ్ళోనూ పేజీ తెరుచుకుంటుంది.

హిందూపురం చింతపండు కథ వేరు. అక్కడి మార్కెట్ యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రకాలు కట్టి ధర పలుకుతారు. టోకు వ్యాపారికి ఆ పేర్లు చాలు. అతనికి కావలసింది ఈరోజు క్వింటా ధర, ఉన్న సరుకు, మాట్లాడేందుకు ఒక నంబరు. కిలో ప్యాకెట్టు కావలసిన బెంగళూరు ఇల్లాలికి అదే పేజీ చూపిస్తే బెదిరిపోతుంది. గింజ తీశారా, ఈనెలు తీశారా, ఏడాది నిలవుంటుందా అన్నది ఆమె లెక్క. కాబట్టి మొదటి పేజీలోనే "టోకుగా కావాలా, ఇంటికి కావాలా?" అని అడిగి ఇద్దరినీ చెరో దారిన పంపాలి.

కొనేవాళ్ళ భాషలో మాట్లాడడం మన సీమవాళ్ళకు కొత్తేమీ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చి, 2019లో సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలయ్యేనాటికి, ఆ చుట్టుపక్కల కొరియా వంటల హోటళ్ళు, కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. ఆ చురుకు సైట్ల దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుందో! మన గుడిబండ వైపు తెలుగు ఎంతో కన్నడమూ అంత. అయినా సైటు మొత్తం ఇంగ్లీషే. తెలుగు పెట్టినా, ఫ్లెక్సీకి వేయించిన డిజైనునే బొమ్మగా అంటిస్తారు. బొమ్మలోని అక్షరాలు వెతికేవాళ్ళకు సరిగా దొరకవు. యూనికోడ్‌లో టైపు చేస్తే దొరుకుతాయి. సిలికానాంధ్ర పుణ్యమా అని మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి.

ఆన్‌లైన్లో అమ్మకం పెట్టాక చట్టమూ ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అంగడి అసలు పేరు, అడ్రసు, ఫిర్యాదు ఎవరికి చేయాలన్నది సైట్లో కనిపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. దీన్ని బరువనుకోకండి. డబ్బు ముందుగా పంపి సరుకు కోసం ఎదురుచూసే మనిషికి అంతకు మించిన ధైర్యం ఏ ప్రకటనా ఇవ్వదు.

డిజైనరు దగ్గరికి వెళ్ళేముందు మీ వాట్సాప్ తెరిచి, నిరుటి పండగనుంచి కొనేవాళ్ళు పంపిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద దించండి. ఎక్కువమంది అడిగింది పైన, తక్కువమంది అడిగింది కింద. సైటుకు అదే నక్షా. రంగులు ఆ తర్వాత ఆయన ఇష్టం. ఒక్క మాట మాత్రం ఆయనకు వదిలేయకండి: ధరలూ, తేదీలూ మార్చడం మీ ఇంట్లో ఒకరికైనా రావాలి. ఉగాది తగ్గింపు ధరలు దీపావళికీ వేలాడుతుంటే, సరుకెంత బాగున్నా కొనేవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "అన్నా, అంగడి ఉందా, ఎత్తేశారా?"