చెవుల ఖరీదు

నేను దుద్దులు కొంటే బిల్లు రెండుసార్లు చూసే మా శ్రీవారు, తన చెవులకి మాత్రం సెన్‌హైజర్ హెచ్‌డి 800 కావాలంటున్నారు. 2009లో జర్మనీ కంపెనీవాళ్లు తెచ్చిన హెడ్‌ఫోను అది. విని చూడ్డానికి స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చారు. ఇంట్లో ఉన్నది 1997 నాటి మోడలు, హెచ్‌డి 600. ఖరీదులో మూడు నాలుగు రెట్లు తేడా!

రెండూ పెట్టుకుని విన్నాను. సింఫనీ వేస్తే హెచ్‌డి 800లో వయొలిన్లు ఎడంపక్క, బాకాలు ఎక్కడో వెనక... హాలంతా కళ్లకి కట్టిందనుకోండి. కానీ మా ఇంట్లో రోజూ మోగేది ఘంటసాల. ఆ పాత పాటలు మోనో రికార్డింగులు. హెడ్‌ఫోను ఎంత విశాలమైనదైనా గొంతు తల నడుమే కూచుంటుంది. ఆ గొంతు పాతదాంట్లోనే నాకు నిండుగా, దగ్గరగా తోచింది. పైగా రెండూ 300 ఓమ్‌లవి. సెల్‌ఫోనుకి ఓ పట్టాన లొంగవు, యాంప్లిఫయరు ఖర్చు వేరే. అన్నట్టు, రెండూ వెనక మూత లేని రకం, ఆయన చెవిలో పాట గదంతా వినాల్సిందే!

ఇంతలో చీటీ డబ్బు చేతికొచ్చింది. అత్తయ్యగారికి వినికిడి మిషను కొందామన్నాను.

"పాతదుందిగా?" అన్నారు.

"మీకూ పాతదుందిగా!"

గుయ్‌మనే మోత తప్ప మాట వినిపించడం లేదని, ఆవిడ దాన్ని నెల్లాళ్ల కిందటే పోపులడబ్బాలో పడేశారు. ఆ సంగతి ఆయనకి తెలీదు. డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

సోమవారం ముగ్గురం చెవి డాక్టరు దగ్గరికి వెళుతున్నాం.