ముందు డెడ్ బోర్డు, తర్వాతే కస్టమర్ లాప్‌టాప్

రిపేర్ పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఐటీఐ చదివినవాళ్లుంటారు, డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లుంటారు, అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకొచ్చినవాళ్లూ ఉంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, చిప్ లెవెల్ ఎప్పుడు నేర్పిస్తావ్?" చిప్ లెవెల్ అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలను ఊడదీసి మార్చే రిపేరు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఈ పనిలోనే తలపండిన నేను చెప్పే జవాబూ ఒకటే. కస్టమర్ మెషీన్ మీద ఎవరూ పని నేర్చుకోకూడదు. అందులో ఒకరి జీవనోపాధి ఉంటుంది, ఒకరి పెళ్లి ఫొటోలుంటాయి. నేర్చుకోవడానికి ఎవరికీ అక్కర్లేని యంత్రాలు ఈ ఊళ్లో బోలెడు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, స్క్రాప్ కొట్లలో పాత మదర్‌బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలు), హార్డ్ డిస్కులు దొరుకుతాయి. టంకం తీగ, ఫ్లక్స్, కెపాసిటర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కోవచ్చు. వాటితో నేను చేయించే పనులేమిటో, ఆ వరసలోనే ఎందుకు చేయిస్తానో చెబుతాను.

మొదటి పని సిరీస్ బోర్డు కట్టుకోవడం. ఒక బోర్డు మీద బల్బు హోల్డర్, సాకెట్, స్విచ్ బిగించి, ఫేజ్ తీగ బల్బు గుండా సాకెట్‌కి వెళ్లేలా కలపాలి. బల్బు 100 వాట్ల ఫిలమెంటుదే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఎక్కడిదో తెలియని ఎస్‌ఎంపీఎస్‌ను నేరుగా 230 వోల్టులకు తగిలించకుండా ముందు ఈ సాకెట్‌లో పెట్టాలి. బాగున్నదైతే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. లోపలి పెద్ద కెపాసిటర్ నిండడానికి లాగిన కరెంటు అది. బ్రిడ్జి రెక్టిఫైయరో, స్విచింగ్ మాస్‌ఫెట్టో షార్ట్ అయి ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది. మెయిన్స్‌తో పని కాబట్టి నేను పక్కన లేకుండా, లైన్‌లో కరెంటు లీకైతే సప్లై కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఎవరినీ స్విచ్ వేయనివ్వను. కొత్తవాళ్లను ఎస్‌ఎంపీఎస్ మూత కూడా తెరవనివ్వను. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

రెండోది మీటరు పట్టడం. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. పసుపు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టుల లోపు రావాలి. ఊదా తీగ మీద, ఆన్ చేయకముందే 5 వోల్టులు ఉండాలి. ప్రతి కొలతా నోట్‌బుక్‌లో రాయిస్తాను. తర్వాత హార్డ్ డిస్కులు, ఫ్యాన్లు తగిలించి మళ్లీ కొలిపిస్తాను. లోడు లేనప్పుడు పన్నెండు చూపించి, లోడు పడగానే పదకొండుకు జారిపోయే ఎస్‌ఎంపీఎస్ దొరికిన రోజు వాళ్లకు పండగే. లోడు లేని కొలతను నమ్మితే ఎలా మోసపోతామో అప్పుడు కళ్లారా చూస్తారు.

మూడోది అసలు పని, లోపం పట్టుకోవడం. బాగా నడుస్తున్న పాత డెస్క్‌టాప్‌ను నేనే చెడగొట్టి వాళ్ల ముందు పెడతాను. ర్యామ్ పిన్నుల మీద సన్నటి కాప్టాన్ టేపు ముక్క అంటిస్తాను. ప్రాసెసర్‌కు 12 వోల్టులిచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్ ఊడదీస్తాను; ఫ్యాన్లు తిరుగుతుంటాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. పవర్ స్విచ్ తీగను ఒక పిన్ను పక్కకు జరుపుతాను. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌లో మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెడతాను. బయాస్‌లో బూట్ వరస మార్చేస్తాను. అప్పుడు కస్టమర్ మాట్లాడినట్టే చెబుతాను: "నిన్న రాత్రి దాకా బానే ఉంది బాబూ, పొద్దున్నుంచి ఆన్ కావట్లేదు."

ఆన్ కాకపోవడం అంటే ఏమిటో ముందు వాళ్లే తేల్చుకోవాలి. కరెంటే రావట్లేదా, కరెంటు వచ్చి డిస్‌ప్లే రావట్లేదా, డిస్‌ప్లే వచ్చి విండోస్ రావట్లేదా? స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే నాలుగు విషయాలు రాయాలి: కస్టమర్ ఏం చెప్పాడు, నేను ఏం చూశాను, నాకున్న అనుమానాలేమిటి, వాటిలో ఎక్కువ అనుమానాలను ఒక్క దెబ్బకు తీసేసే పరీక్ష ఏది. ఈ నాలుగోది రాయడానికే అందరూ ఎక్కువసేపు కూర్చుంటారు. కూర్చోనిస్తాను. ఆలోచిస్తున్నవాణ్ని తొందరపెట్టను.

ఉదాహరణకు నో డిస్‌ప్లే. బోర్డుకు చిన్న బజర్ తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయమంటాను. బజర్ మోగిందంటే ప్రాసెసర్ పనిచేస్తోంది, బయాస్ చదవగలుగుతోంది. ఇక ర్యామ్ దగ్గరో, గ్రాఫిక్స్ దగ్గరో వెతకాలి. మోగలేదంటే ప్రాసెసర్‌కు అందే కరెంటు దగ్గర మొదలుపెట్టాలి. ఒక భాగాన్ని తీసేయడం వల్ల ఇంత తెలుస్తుందని చాలామందికి తట్టదు. "ర్యామ్ మార్చి చూద్దాం, కాకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చి చూద్దాం" అనే అలవాటును నేను మొదట్లోనే మాన్పిస్తాను. కొత్త ర్యామ్ వేయగానే మెషీన్ లేస్తుంది, నిజమే. కానీ పాత ర్యామ్ పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టినా లేచేదేమో! ఆ సంగతి చూడకుండా కస్టమర్ చేత కొత్తది కొనిపించడం అన్యాయం.

నాలుగో పని పోయిన డేటా తిరిగి తీయడం. పెన్ డ్రైవ్‌లోకి కొన్ని ఫొటోలు ఎక్కించి, క్విక్ ఫార్మాట్ కొట్టి, వాటిని తిరిగి తీయమంటాను. నియమం ఒక్కటే: డేటా పోయిన డ్రైవ్ మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో డ్రైవ్ మొత్తాన్ని ఇమేజ్‌గా మరో డిస్కులోకి తీసుకుని, ఫొటోరెక్‌ను ఆ ఇమేజ్ మీదే నడపాలి. డీడీరెస్క్యూ ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుంటుంది, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఫొటోరెక్ ఫైల్ తీరును బట్టి వెతుకుతుంది కాబట్టి ఫొటోలు దొరికినా వాటి పాత పేర్లు రావు. ఇది ముందే తెలిస్తే కస్టమర్‌కు ముందే చెప్పగలం. డిలీట్ అయిన చోట్లను డ్రైవే ఖాళీ చేసుకునే ట్రిమ్ పనిచేసే ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయినవి తిరిగి రావడం దాదాపు కల్ల అని కూడా చెప్పాలి. టకటకమంటున్న హార్డ్ డిస్కును వెంటనే ఆపేయాలి. దాన్ని విప్పడం మన టేబుల్ మీద చేసే పని కాదు, క్లీన్ రూమ్ ఉన్నచోట చేసేది. ఇక ఎవరి ఫొటోలూ మనం తెరిచి చూడం. వచ్చాయో లేదో కస్టమరే మన ఎదుట కూర్చుని చూసుకోవాలి. ఈ మాట తప్పినవాణ్ని మర్నాడు షాపులోకి రానివ్వను.

చిప్ లెవెల్‌కు ఇప్పుడొస్తాం. స్క్రాప్ బోర్డుల మీద కెపాసిటర్లు తీయడం, పెట్టడం. లెడ్ కలిసిన 63/37 టంకం 183 డిగ్రీలకు కరుగుతుంది. ఇప్పటి బోర్డుల్లోని లెడ్ లేనిది దాదాపు 217 దాటాలి. గ్రౌండ్ కాలు అంత తేలిగ్గా ఊడదు, లోపలి రాగి పొర వేడినంతా లాగేస్తుంది. బలం ఉపయోగిస్తే ప్యాడ్ లేచిపోతుంది. ఫ్లక్స్ రాసి, కొత్త లెడ్ టంకం కలిపి, ఓపిక పట్టాలి. తర్వాత డీసీ పవర్ సప్లై. కరెంటు పరిమితి ముందు తగ్గించి పెట్టి, డెడ్ లాప్‌టాప్ బోర్డుకు 19 వోల్టులిచ్చి అంకె చూడమంటాను. అసలేం లాగకపోతే ఒక దారి, పరిమితి దాకా ఎగబాకితే ఇంకో దారి. షార్ట్ అయిన లైన్‌కు ఒక్క వోల్టు ఇచ్చి ఆల్కహాల్ పూస్తే, అది మొదట ఆరిపోయిన చోట వేడెక్కిన భాగం ఉంటుంది. ప్రాసెసర్ కోర్ లైన్ మీద మాత్రం మీటరు బీప్ కొట్టగానే షార్ట్ అనుకోవద్దంటాను. అక్కడ ఓమ్‌లు తక్కువగా ఉండటం సహజం. బాగున్న బోర్డులను కొలిచి రాసిపెట్టుకున్నవాడికే ఆ తేడా తెలుస్తుంది.

చివరి పని ఒక మెషీన్‌ను పూర్తిగా బాగుచేసి ఎవరికైనా ఇవ్వడం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకపోవడం వల్లో, ప్రాసెసర్ పాతదవడం వల్లో విండోస్ 11 అర్హత లేని మెషీన్లు ఆఫీసుల్లోంచి బయటికొస్తున్నాయి. వాటిలో చాలావరకు గట్టివే. దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి, ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపి, లైనక్స్ ఎక్కించి, చదువుకునే పిల్లలున్న ఇంటికి ఇప్పిస్తాను. తీసుకున్నవాళ్లకు గంటసేపు కూర్చుని వాడకం నేర్పించడం కూడా పనిలో భాగమే. ఇక పనికిరాని బోర్డులు, ఉబ్బిన బ్యాటరీలు రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే వెళ్లాలి. బంగారం కోసం వాటిని యాసిడ్‌లో ముంచేవాళ్ల చేతికి ఇవ్వకూడదు.

ఇవన్నీ అయ్యాక నోట్‌బుక్ అడుగుతాను. అందులో బాగైన మెషీన్లు ఎన్నో లెక్కపెట్టను. బాగుకాని వాటి పేజీలు చదువుతాను. ఏం కొలిచాడు, ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు? "అమ్మా, ఈ డిస్కు ఇక్కడ విప్పితే మీ ఫొటోలు పోతాయి, నేను చేయను, క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి" అని కారణంతో సహా చెప్పి, రూపాయి తీసుకోకుండా పంపించగలిగినవాడికి ఆ రోజు నుంచే కస్టమర్ లాప్‌టాప్ అప్పగిస్తాను.