నాగాయలంకలో కార్తికమాసము

శరదృతువనగానే మన మనస్సున మెదలునవి తేటపడిన యేళ్లు, మబ్బు తొలగిన ఆకాశము, పండువెన్నెల, దీపావళి, కార్తికదీపములు. మెట్టసీమలలో కాపురముండు సోదరీమణులకు ఈ ఋతువు హాయిగొలుపునదియే. కాని కృష్ణవేణి సముద్రమున గలియు దివిసీమలోని యిల్లాండ్రు శరత్తును మఱియొక విధముగ లెక్కించుకొందురు. దీపావళి ప్రమిదలు కడిగి పెట్టినది మొదలు మార్గశిరము గడచువఱకును వారి చెవి తుపాను వార్తలవైపును, చూపు తూర్పుదిక్కువైపును ఉండును. ఆ లెక్కకు గల కారణమును తెలిసికొనవలెనని మేము కార్తికశుద్ధమున నాగాయలంకకు పోయితిమి.

విజయవాడనుండి పామఱ్ఱు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరవలెను. అచ్చట కృష్ణ రెండు పాయలుగా చీలును. తూర్పుపాయ హంసలదీవి వైపునకు సాగును. పడమటిపాయ నాగాయలంక ప్రక్కగా పోయి కడలిలో గలియును. ఈ రెండు పాయలకును సముద్రమునకును నడుమ నున్న ఒండ్రునేలయే దివిసీమ. అవనిగడ్డ దాటిన పిదప దారికిరువైపుల ఎంత దూరము చూచినను గుట్టగాని, మిట్టగాని కానరాదు. పొట్టదాటి కంకివేసిన వరిచేలు నేలకు సమముగ పఱచిన పచ్చని చాపవలె నుండెను. ఈ చదునే ఆ సీమకు సిరి. ఆపదయు ఈ చదునువలననే.

నాగాయలంకలో శ్రీరామపాద క్షేత్రపు రేవున సువాసినులు అరటిదొన్నెలలో దీపములు వదలుచుండిరి. రేవునుండి పడవలు దిగువకు పోవుచుండెను. ఆ దిగువను ఎదురుమొండి మొదలగు దీవులు, వాని నానుకొని మడ అడవులు, ఆపైన సముద్రము. రేవునొద్ద డెబ్బదియేండ్ల వృద్ధురాలొకతె మాతో మాటలు కలిపెను. ఆమె అత్తవారి యూరు సముద్రమునకు దాపున నుండెడిదట. 1977వ సంవత్సరమునాటికి ఆమె చంటిబిడ్డ తల్లి. గాలివాన వచ్చుచున్నదని, అవనిగడ్డకు తరలిపొండని ఆ యుదయమే ఒకరు చెప్పిపోయిరట. కాని ఇంట ఆవు నేడో రేపో ఈనవలసియున్నది. చేలో పంట కోతకు వచ్చినది. ఇల్లు విడువనని అత్తగారు పట్టుపట్టెను.

"గాలికైతే తలుపు మూసుకున్నామమ్మా. నీళ్లకు మూసుకునే తలుపేదీ?" అని ఆమె మమ్ము ప్రశ్నించెను. భర్తయు తానును తాటిచెట్టు నానుకొని బ్రతికిరి. అత్తయు, బిడ్డయు దక్కలేదు. ఇంతకుమించి ఆమె చెప్పలేదు, మేమును అడుగలేదు.

ఆ దినము 1977 నవంబరు 19, శనివారము. ఆగ్నేయ బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము కొన్నిదినములు పడమరగా వచ్చి, పిదప ఉత్తరమునకు మఱలి, చీరాల ప్రాంతమున తీరము దాటెను. దివిసీమలో సముద్రము సుమారు అయిదు మీటర్ల యెత్తున లేచి, పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి వచ్చెను. నాగాయలంక క్రింది సొర్లగొంది, కోడూరు క్రింది పాలకాయతిప్ప వంటి పల్లెలు తుడిచిపెట్టుకొని పోయెను. మృతులు పదివేలని ప్రభుత్వపు లెక్క. అంతకంటె నెక్కువయని చెప్పువారును గలరు. అప్పటి అవనిగడ్డ శాసనసభ్యులు శ్రీ మండలి వెంకటకృష్ణారావుగారు, దేశవిదేశముల సేవాసంస్థలు పూనుకొని పల్లెలను మరల నిలిపిరి. ఉప్పెన తీసిన పిదప బావులన్నియు ఉప్పులైనవి, చేలు చవుడు తేలినవి. బ్రతికినవారికి మొదట కావలసివచ్చినది బిందెడు మంచినీళ్లు.

తుపాను కేంద్రము చీరాలయొద్ద దాటగా దివిసీమ మునుగుటేమని పాఠకురాండ్రకు సందేహము కలుగవచ్చును. మన సముద్రములలో తుపానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగును. కావున తుపాను వచ్చు దారికి కుడిప్రక్కనున్న తీరమున గాలి సముద్రమునుండి నేలవైపునకు వీచి నీటిని నెట్టును. ఎడమప్రక్క గాలి నేలనుండి కడలివైపునకు వీచును. ఆనాడు దివిసీమ కుడిప్రక్కన పడినది. నది యుగయుగములుగ తెచ్చిపోసిన ఒండ్రువలన అచ్చటి సముద్రము బహుదూరము లోతులేనిది. లోతైన సముద్రమున నీరు క్రిందుగా మఱలిపోగలదు. లోతులేనిచోట పోవుటకు దారిలేక మీదికి లేచును. అట్లు లేచిన నీరే ఉప్పెన. అమావాస్య పున్నమల పోటును దీనితో పొరపడరాదు. ఆ దినము అమావాస్య గడచి వారము దాటినది, పున్నమ ఇంకను రాలేదు. పోటు తక్కువగా నుండవలసిన దినముననే అంత నీరు వచ్చినది.

దీనికి 113 ఏండ్ల పూర్వము, 1864 నవంబరు 1వ తేదిని మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనయు కార్తికశుద్ధముననే వచ్చినది. దీపావళి అమావాస్య గడచి రెండుదినములే యగుటచే సముద్రపు పోటును దానికి తోడైనది. నీరు కొన్నిచోట్ల 17 మైళ్లు లోపలికి పోయెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఒకప్పుడు డచ్చివారు, ఇంగ్లీషువారు పోటీపడి వర్తకము సాగించిన ఆ రేవు మరల పూర్వవైభవము నందలేదు.

ఈ విపత్తులు శరత్తుననే ఏల రావలెను? తుపానునకు ఆహారము వెచ్చని సముద్రజలము. నీటి వెచ్చదనము 26, 27 సెంటిగ్రేడు డిగ్రీలకు మించియున్నగాని అది బలపడదు. బంగాళాఖాతమున ఈ వెచ్చదనము ఏడాదిలో పెక్కునెలలు ఉండును. అయినను నైరృతి ఋతుపవనములు నిండుగా వీచు నెలలలో సముద్రముపై గాలి ఒక దిక్కునకును, మిక్కిలి యెత్తున గాలి వేఱొక దిక్కునకును బలముగా పోవుచుండుటచే సుడి నిలువలేక చీలిపోవును. ఆశ్వయుజ కార్తికములలో ఆ పవనములు వెనుదిరుగును. మీది గాలికిని క్రింది గాలికిని వైరము తగ్గును. సముద్రమో యింకను చల్లారదు. వైశాఖమునను ఇట్టి సంధికాలమే వచ్చును. కనుకనే మన తీరమునకు ఏటేట రెండు భయకాలములు.

సముద్రమొక్కటియే కాదు, ఎగువనుండి నదియు ఈ సీమను పరీక్షించును. 2009 అక్టోబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగివచ్చి లంకగ్రామములను ముంచినది. 2024 సెప్టెంబరులో వచ్చిన వరద దానిని కూడ మించినది. ఎగువ వానలు లేని యేట ఇందుకు విరుద్ధము. నదికి పాఱుదల తగ్గగానే ఉప్పునీరు పాయలవెంట పైకెక్కును. అప్పుడు మంచినీటికి ఎంతదూరము నడువవలెనో అచ్చటి కోడండ్రకు తెలియును. భూమి వేడెక్కుకొలది గాలి మోయు ఆవిరి ఒక్కొక్క డిగ్రీకి నూటికి ఏడువంతుల చొప్పున హెచ్చును. సముద్రమట్టమును మెల్లమెల్లగ పెరుగుచున్నది. ఇట్టి నేలలో అడుగు నీరు పెరిగినను అది చిన్న సంగతి కాదు.

అయినను నిరాశ చెందవలసినది లేదు. 1990 మే 9వ తేదిని మరియొక ప్రచండమైన తుపాను కృష్ణా ముఖద్వార ప్రాంతముననే తీరము దాటినది. బలమున అది 1977 నాటిదానికి తీసిపోదు. కాని అప్పటికి ఉపగ్రహములు, హెచ్చరికలు, రక్షణగృహములు ఏర్పడియుండెను. లక్షకు మించిన జనమును ముందే తరలించిరి. మృతులు వేయిమందికి లోపుననే యుండిరి. ఒక్క ప్రాణమైనను పోరాదన్నమాట నిజమే గాని, పదివేలకును వేయికిని గల అంతరము మానవప్రయత్నపు ఫలమే. నేడు మచిలీపట్టణమున రేడారు గలదు. రేవులో ఎగురవేయు ప్రమాదసూచికలలో ఎనిమిది, తొమ్మిది, పది అంకెలు మహాప్రమాదమునకు గుఱుతులని అచ్చటి పిల్లలకును తెలియును. మడ అడవులును కొంత కాపుదల. 1999లో ఒరిస్సాకు తుపాను వచ్చినపుడు, కేంద్రపాడ జిల్లాలో మడలు మిగిలియున్న చోట్ల వాని వెనుకనున్న పల్లెలలో ప్రాణనష్టము తక్కువయైనది. కృష్ణా ముఖద్వారపు మడలను 1989లో అభయారణ్యముగా చేసిరి. వానిని వంటచెఱకుగా చూడరాదు.

ఇక మన పని యొకటి గలదు. 1991లో బంగ్లాదేశమున తుపానునకు లక్షకు పైబడి జనులు చనిపోగా, వారిలో స్త్రీలు పురుషులకంటె చాల హెచ్చుగా నుండిరి. ఈత రాకపోవుట, చీరె కాళ్లకు చుట్టుకొనుట, చంకను బిడ్డలుండుట, ఇంటి మగవారు వచ్చి చెప్పువఱకు గడప దాటకపోవుట ఇందుకు కారణములని చెప్పుదురు. ఇల్లు కాచుట గృహిణికి ధర్మమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఇంటిని కాచుటయనగా గోడలను కాచుటయో, గోడలలోని ప్రాణములను కాచుటయో శరత్తు రాకముందే ఆలోచించి పెట్టుకొనవలెను. గాలి లేచిన పిదప ఆలోచించుటకు తీఱికయుండదు.

తీరమున నుండు సోదరీమణులు కార్తికము ప్రవేశించకముందే దస్తావేజులు, రేషను కార్డు, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో మూటగట్టవలెను. అటుకులు, బెల్లము, మూతగల పాత్రలో మంచినీరు సిద్ధపఱచుకొనవలెను. పశువుల పలుపులు విప్పివేయవలెను. తరలిపొమ్మను మాట వినగానే, అత్తగారినైనను బ్రతిమాలి, పగలుండగనే రక్షణగృహము చేరవలెను. హోరున వీచు గాలి ఒక్కసారిగ నిలిచిపోయినచో తుపాను పోయినదని వెలుపలికి రారాదు. అది తుపాను కన్ను మాత్రమే. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి గాలి మరల విజృంభించును. ఆడపిల్లలకు ఈత నేర్పించుట తప్పుకాదు. సంగీతమువలెనే అదియు ఒక విద్య.

నాగాయలంక రేవున ఆ వృద్ధురాలి మనుమరాలు పదేండ్ల పిల్ల. నదిలో ఈదుచు ఒడ్డున నున్న మమ్ము చూచి నవ్వినది. ఈత ఎవరు నేర్పిరని మేమడుగగా "మా నాయనమ్మే" అని బదులు చెప్పినది.