జీతమెంత బిడ్డా?

ఏప్రిల్ నెల చివర్లో ఒక మధ్యాహ్నం. జెనీవాలో చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. ప్లాస్ దే నాసియోన్ కూడలిలో 12 మీటర్ల ఎత్తున్న పెద్ద చెక్క కుర్చీ ఒకటి ఉంటుంది. దానికి ఒక కాలు సగానికి విరిగి ఉంటుంది. మందుపాతరల వల్ల కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లను ప్రపంచం మర్చిపోకూడదని 1997లో పెట్టారు. ఎదురుగా ఐక్యరాజ్యసమితి గేటు, వరసగా దేశాల జెండాలు. వచ్చినవాళ్లంతా అక్కడ ఫొటో దిగుతారు. నేనూ దిగాను. వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను కూడా. అసలు చిక్కు ఆ ఫొటోతోనే మొదలైంది.

ఆ కుర్చీ దగ్గరే కూర్చుని అన్నం డబ్బా తెరుస్తుంటే కరీంనగర్ నుంచి మా పెద్దబాపు కొడుకు ఫోన్ చేశాడు.

"చెల్లె, ఒక లక్ష సర్దుతవా? దోహా వీసా వచ్చింది. ఏజెంటుకు కట్టాలె. ఆర్నెల్లల్ల తిరిగిస్త. నీకిప్పుడు లక్షంటే ఎంత!"

"చూస్త అన్నా" అని ఫోన్ పెట్టేశాను. అప్పుడు నా ఖాతాలో ఉన్నవి 380 ఫ్రాంకులు. నా జీతం సున్నా. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

హైదరాబాద్‌లో ఎంఏ ఎకనామిక్స్ చివరి ఏడాదిలో ఉండగా ఒక అంతర్జాతీయ సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యాను. ఆఫర్ లెటర్ మూడో పేరాలో ఒక వాక్యం ఉంది. వేతనం ఉండదు, ప్రయాణం, బస, బీమా అన్నీ ఇంటర్నే చూసుకోవాలి అని. ఆ వాక్యం చదివాక నేను చేసిన మొదటి పని, బాపుకు అబద్ధం చెప్పడం.

"మొదట మనం పెట్టుకోవాలె బాపు. తర్వాత వాళ్లే తిరిగిస్తరు."

బాపు ఆర్టీసీ కండక్టర్. లెటర్ ఇంగ్లిష్‌లో ఉంది, చెప్పేది బిడ్డ. నమ్మాడు. మూడు లక్షల చిట్టీ పాడాడు. అమ్మ గాజులు బ్యాంకులో పెడితే రెండు లక్షలు వచ్చాయి. ఇంకో లక్ష బాపు డిపో దోస్త్ ఇచ్చాడు. ఆరు లక్షలు. మా ఇంట్లో అంత డబ్బు ఒకేసారి చూడటం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి బాపు జీతంలోంచి నెలకు 15 వేలు చిట్టీకే పోయేవి.

ఆ ఆరు లక్షలు ఎలా కరిగాయో చెప్తాను. నేనున్నప్పుడు ఒక ఫ్రాంకు దాదాపు 95 రూపాయలు. పాకీ అనే పేటలో ఒక గది. కెన్యా నుంచి వచ్చిన ఇంకో ఇంటర్న్, నేను, ఇద్దరం పంచుకున్నాం. నా వాటా నెలకు 600 ఫ్రాంకులు. తిండికీ మిగతా ఖర్చులకూ ఇంకో 300. ట్రామ్ టికెట్ దండగని రోజూ ఆఫీసుకు నడిచేదాన్ని. అరగంట నడక. శీతాకాలంలో ఈశాన్యం నుంచి 'బీజ్' అనే గాలి వీస్తుంది. మొదటి వారమే చెవులు తిమ్మిరెక్కి, మంకీ క్యాప్ విలువ తెలిసింది.

శనివారం మాత్రం 17వ నంబరు ట్రామ్ ఎక్కేదాన్ని. అది సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని ఆన్‌మాస్ వరకు వెళ్తుంది. అక్కడ బియ్యం, గుడ్లు, కూరగాయలు చవక. జెనీవాలో కొనాల్సి వస్తే సాయంత్రం షాపు మూసే ముందు వెళ్లి, సగం ధర స్టిక్కర్ అంటించిన బ్రెడ్ వెతుక్కునేదాన్ని. ఆదివారం షాపులు మూసేస్తారు. మొదటి ఆదివారం అది తెలియక, అమ్మ కట్టిచ్చిన సంక్రాంతి సకినాలతో పూట గడిచింది.

ఇవన్నీ కష్టాలని చెప్పట్లేదు. చాలా బాగున్న రోజులూ ఉన్నాయి. పాలే దే నాసియోన్ తోటలో నెమళ్లు తిరుగుతుంటాయి. సమావేశాల ఎదురుగా అవి అరుస్తుంటే భలే నవ్వొచ్చేది. మెడలో బ్యాడ్జి వేసుకుని లోపలికి వెళ్తుంటే వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. నా సూపర్‌వైజర్ నా నోట్స్‌ను ఓపిగ్గా దిద్దేది. పని నిజంగా నేర్చుకున్నాను.

కాకపోతే భోజనాల దగ్గర ఒక సంగతి గమనించాను. తోటి ఇంటర్న్‌లలో ఒకరి నాన్న దౌత్యవేత్త. ఇంకొకరి అమ్మ పెద్ద లా ఫర్మ్‌లో పార్ట్‌నర్. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పుట్టినరోజు కేక్‌లో నాకు పెద్ద ముక్క పెట్టేవాళ్లే. "వీకెండ్ స్కీయింగ్‌కి వస్తావా?" అని మామూలుగా అడిగేవాళ్లు. నేను ప్రతిసారీ ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్ని. ఇంటికి ఒక అబద్ధం, ఇక్కడ ఇంకో అబద్ధం.

నాతో పాటు ఎంపికైన మా క్లాస్‌మేట్ ఒకరు అసలు రానేలేదు. నాకంటే మంచి మార్కులు. వాళ్ల నాన్నకు పాడటానికి చిట్టీ లేదు, అంతే.

అన్న ఫోన్ చేసిన రెండు వారాలకు ఒక సమావేశంలో నోట్స్ రాయడానికి కూర్చున్నాను. విషయం వలస కార్మికులు. గోడ పక్కన చివరి కుర్చీ నాది. ముందు మైక్ ఉండదు. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర ఫీజు వసూలు చేయకూడదు, ఆ ఖర్చు పనిలో పెట్టుకునేవాళ్లే భరించాలి అని ఒకాయన మాట్లాడాడు. అందరూ తలలూపారు. కొత్త మాటేం కాదు. ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుల నుంచి ఫీజులు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందంలోనే ఉంది.

ఆ మాట టైప్ చేస్తుంటే నా వేళ్లు ఆగిపోయాయి. పని కోసం మా అన్న ఏజెంటుకు కట్టబోతున్నాడు. పని కోసం మా బాపు ఆరు లక్షలు కట్టాడు. గల్ఫ్ గురించి గంటన్నర మాట్లాడిన ఆ గదిలో, గల్ఫ్‌కు బయల్దేరిన అన్న ఎంతమందికి ఉన్నాడో నాకు తెలీదు. ఉన్న నాకు మాత్రం మైక్ లేదు.

ఆ ఆదివారం బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. కాసేపు అటువైపు నుంచి టీవీ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"జీతమే లేదా?"

"లేదు బాపు."

"తిరిగిస్తరన్న పైసలు?"

"ఇయ్యరు. నేను అబద్ధం చెప్పిన."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. అప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో జీతం లేదు, అమ్మ కిరాణా కొట్టులో ఖాతా పెట్టి నడిపించింది. బాపు దాన్నే ఎత్తుకున్నాడు.

"సమ్మెల మేము పని బంద్ పెట్టినం. జీతం రాలె. దానికో లెక్క ఉన్నది. నువ్వు పని చేసుకుంట గూడ జీతం లేకుండ ఉన్నవ్. ఇదేం లెక్క బిడ్డా?"

"అనుభవం వస్తది బాపు. సర్టిఫికెట్ ఇస్తరు."

"అనుభవం నాకు గూడ వచ్చింది, బస్సుల. అయినా జీతమిచ్చిండ్రు గదా."

నా ఎంఏ మొత్తంలో దీనికి జవాబు లేదు. బాపు ఫోన్ అమ్మకిచ్చి బయటికి వెళ్లాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. చిట్టీ కోసం రెండు నెలలుగా సెలవు రోజుల్లో కూడా డ్యూటీలు వేయించుకుంటున్నాడని అమ్మ అప్పుడు చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీతం లేని సంస్థ మీద కోపం కంటే, చెప్పని నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

అన్నకూ నిజం చెప్పాను. నమ్మలేదు. "ఇయ్యనంటే ఇయ్యనని చెప్పు చెల్లె. అబద్ధమెందుకు?" అన్నాడు. ఆఫర్ లెటర్ ఫొటో పంపి, ఆ వాక్యం తెలుగులో చదివి వినిపించాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ ఏజెంటు సంగతి చూశాం. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఇతను అడిగింది లక్షా ఇరవై వేలు. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంట్ల పేర్లు ఉంటాయి. వెతికాం. అతని పేరు లేదు. అప్పటికే అన్న ఇచ్చిన 20 వేల అడ్వాన్స్ తిరిగి రాలేదు కానీ, మిగతా లక్ష మిగిలింది.

అన్న బాధ, నా బాధ ఒకటే అనను. నాకు సీవీలో రాసుకోవడానికి ఒక పెద్ద పేరు మిగిలింది. అన్నకైతే అప్పు ఒక్కటే మిగిలేది. కానీ ముందు డబ్బు కట్టగలిగినవాళ్లకే పని దొరికితే, డబ్బు లేని చోట ఉన్న ప్రతిభ అక్కడే ఆగిపోతుంది. మా క్లాస్‌మేట్ ఆగిపోయినట్టే.

ఇది మారని విషయమేం కాదు. 2015లో న్యూజిలాండ్‌కు చెందిన 22 ఏళ్ల ఇంటర్న్ జెనీవా సరస్సు దగ్గర టెంట్ వేసుకుని ఉంటున్నాడని తెలిసి, ప్రపంచమంతా వార్త అయింది. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌లకు వేతనం ఇవ్వదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ స్టైపెండ్ ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇస్తోంది. అడగ్గా అడగ్గానే ఇలాంటివి మారతాయి. వచ్చేముందు చివరి ఫీడ్‌బ్యాక్ ఫారంలో నేను మొత్తం లెక్క రాశాను. చిట్టీ, గాజులు, డిపో దోస్త్ అన్నీ.

మీలో ఎవరికైనా ఇలాంటి ఆఫర్ వస్తే, వద్దనుకోమని చెప్పను. ముందు ఆ మూడో పేరా చదవండి. నెలకు ఎంతవుతుందో అక్కడ ఉంటున్నవాళ్లను అడిగి కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో డబ్బు పెట్టేవాళ్ల ముందు పెట్టండి. తెలిసి ఇస్తే అది వాళ్ల నిర్ణయం. నేను మా బాపుకు ఆ నిర్ణయం ఇవ్వలేదు.

తిరిగొచ్చిన రెండు నెలలకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. ఆ సర్టిఫికెట్ పనికొచ్చింది, కాదనను. ఫోన్ చేసి చెప్తే బాపు 'కంగ్రాట్స్' అనలేదు, కంపెనీ పేరు కూడా అడగలేదు.

"జీతమెంత బిడ్డా?"

నంబర్ చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. ఆ తర్వాత ఆఫర్ లెటర్ పంపమన్నాడు. పక్కింటి టీచర్‌తో మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదివించుకున్నాడట. ఇప్పుడు చిట్టీ వాయిదా నేనే కడుతున్నాను. ఇంకా ఏడు నెలలుంది.