ఎనిమిది సెకండ్ల నిరీక్షణ

హైదరాబాద్‌లో విమాన చోదకులకు శిక్షణ ఇచ్చే ఒక కేంద్రంలో కిటికీలు లేని ఎత్తైన హాలు ఉంది. దాని నడుమ ఆరు పొడవాటి కాళ్ళపై నిలిచిన తెల్లని గది ఉండుండి తల వంచుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, మళ్ళీ లేస్తుంది. చిన్న వంతెన దాటి లోపల అడుగు పెడితే మాత్రం మీరున్నది ఎయిర్‌బస్ ఎ-320 చోదకుల గది. ఎదుటి అద్దాలలో రాత్రివేళ రన్‌వే దీపాలు.

ఈ గది హాలు విడిచి ఎక్కడికీ పోదు. అయినా విమానం పరుగెత్తుతున్నదనే అనిపిస్తుంది. గది ముక్కును మెల్లగా పైకెత్తితే మన బరువే మనలను కుర్చీ వీపుకు అదుముతుంది. అద్దాలలోని దృశ్యం సమంగానే ఉంటుంది గనుక మనసు దానిని వేగమని నమ్ముతుంది. ముచ్చటైన మోసమే. కాని నన్ను అంతకన్న ఆకట్టుకొన్నది ఇంజన్ల నడవడి.

దిగబోయే విమానం వేగం తగ్గించుకోవాలి. వేగం తగ్గితే రెక్కలకు బరువు మోసే సత్తువ తగ్గుతుంది. అందుకని రెక్కల వెనుక అంచున ముడుచుకొని ఉండే పలకలను, అంటే ఫ్లాపులను, మెట్టుమెట్టుగా దించుతారు. (తెలుగులో వీటికి తగిన మాట నాకింకా దొరకలేదు.) ప్రతి మెట్టుకూ ఒక హద్దు ఉంది. ఈ విమానంలో మొదటి మెట్టుకు 230 నాట్లు, రెండవదానికి 200, మూడవదానికి 185, పూర్తిగా దించడానికి 177, అనగా గంటకు 328 కిలోమీటర్లు. ఆ వేగం మించితే పలకలకు చేటు. దించినకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది. దానికి తగినట్టు ఇంజన్లు తోపు అందించాలి.

ఇంజన్లు కనీస శక్తితో తిరిగే స్థితిని ‘ఐడిల్’ అంటారు. నిఘంటువు ఈ మాటకు సోమరి అని అర్థం చెబుతుంది. ఇక్కడ అది చెల్లదు: లోపల మంట వెలుగుతూనే, చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, తోపు మాత్రం ఉండీ లేనట్లుంటుంది. ఆ స్థితిలో పూర్తి శక్తి కోరితే జెట్ ఇంజను వెంటనే పలకదు. బరువైన చక్రాలు వేగం అందుకోవాలి. ఇంధనాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తే లోపలి గాలి ప్రవాహం చెదిరిపోతుంది గనుక కంప్యూటర్ కొలిచి మరీ పోస్తుంది. మీట ముందుకు తోసిన ఎనిమిది సెకండ్లకు అందే శక్తితో విమానం మళ్ళీ పైకి ఎగయగలగాలని నియమం. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగే విమానం అదే వేగంతో దిగుతూ ఉంటే ఎనిమిది సెకండ్లలో 90 అడుగులకు పైగా కిందికి వస్తుంది! అందుకే, దిగడానికి ఫ్లాపులు చాచినప్పుడు ఇంజన్లు తమ కనీస వేగాన్ని తామే కొంత పెంచుకొని సిద్ధంగా ఉంటాయి. సిమ్యులేటర్ ఈ జాప్యాన్ని ఉన్నదున్నట్లు చూపాలి. మీట తోసిన తక్షణం గర్జించే నకిలీ ఇంజను చోదకునికి చెడ్డ గురువు.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చి బెంగళూరులో దిగబోతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320, ఇంజన్లు ఐడిల్‌లో ఉండగా వేగాన్నీ ఎత్తునూ కోల్పోయింది. శక్తి కోరేసరికి నేల మరీ దగ్గరైంది. రన్‌వేకు ఇవతలి గోల్ఫ్ మైదానంలో విమానం నేలను తాకింది. అందులో ఉన్న 146 మందిలో 92 మంది మరణించారు.

శిక్షణార్థులు సాధన చేసే వరుస ఇది: మీట పూర్తిగా ముందుకు, ఫ్లాపులు ఒక మెట్టు పైకి, విమానం ఎగురుతున్నదని రూఢి అయిన తరువాతనే చక్రాలు లోపలికి. అది ముగియగానే శిక్షకుడు మీట నొక్కి, విమానాన్ని మళ్ళీ పది మైళ్ళ వెనక్కు చేరుస్తాడు.