ముందు ఇనుము, తర్వాతే అంకెలు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఏది సరిగ్గా నడవకపోయినా ముందు కాన్ఫిగ్ ఫైలు తెరుస్తాం. టైమవుట్ కాస్త పెంచి, రీట్రైలు మూడు నుంచి ఐదు చేసి, మళ్ళీ నడిపి చూస్తాం. అదృష్టం బావుంటే నడుస్తుంది, టికెట్ మూసేస్తాం. లోపల ఏది వదులైందో చూసే తీరిక ఎవరికుంది చెప్పండి? సర్వర్ల దగ్గర ఈ పద్ధతి చాలాకాలం చెల్లుతుంది. మిల్లింగ్ మిషను దగ్గర మాత్రం చెల్లదు. ఎందుకో చెబుతాను.

మా బాబాయికి హైదరాబాదు బాలానగర్లో చిన్న మిషను షాపు ఉంది. అందులో ఒక పాత వర్టికల్ మిల్లింగ్ మిషను. బాడీ ఏనుగులా ఉంటుంది, ఇంకో తరం నడుస్తుంది. కొత్త సీఎన్‌సీ కొనాలంటే పదుల లక్షలు కావాలి. అందుకని దీనికే చేతి చక్రాలు పీకించి, బాల్‌స్క్రూలు వేయించి, మూడు యాక్సిస్‌లకీ సర్వో మోటార్లు పెట్టించాడు. నడిపించేది లినక్స్‌సీఎన్‌సీ. అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థలో 1990లలో మొదలై, తర్వాత ఓపెన్ సోర్సుగా పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇది. "నీది కంప్యూటర్ పనే కదరా, వచ్చి ఆ ట్యూనింగేదో చూడు" అన్నాడు బాబాయి. అలా నాలుగైదు శనాదివారాలు నేను అక్కడే.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మోటారు వెనకాల ఎన్‌కోడర్ ఉంటుంది. మా దాంట్లో అది ఒక చుట్టుకి 4000 లెక్కలు ఇస్తుంది. అదే చుట్టుకి బాల్‌స్క్రూ టేబుల్‌ని 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే ఒక్కో లెక్క 1.25 మైక్రాన్లు. కంప్యూటరు సెకనుకి వెయ్యిసార్లు "ఎక్కడుండాలి, ఎక్కడున్నాం" అని చూసుకుంటుంది. ఆ తేడా పేరు ఫాలోయింగ్ ఎర్రర్. తేడా ఎంతుంటే అంత గట్టిగా నెట్టేది పీ. తేడా ఎంతకీ పోకపోతే పాత బాకీలన్నీ కూడబెట్టి నెట్టేది ఐ. తేడా మారుతున్న వేగాన్ని చూసి పగ్గం లాగేది డీ.

పీ ఒక్కటే పెడితే టేబుల్ ఎప్పుడూ వెనకపడే ఉంటుంది. నిమిషానికి 1200 మిల్లీమీటర్ల ఫీడు అంటే సెకనుకి 20. పీ విలువ 50 అయితే 20ని 50తో భాగించండి, 0.4 మిల్లీమీటర్లు వెనకబాటు. రెండు యాక్సిస్‌లు ఒకేలా వెనకపడకపోతే గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుంది. అందుకే ఫీడ్‌ఫార్వర్డ్ అని ఇంకొకటి ఉంది. తేడా వచ్చేదాకా ఆగకుండా "ఇంత వేగం కావాలి" అని డ్రైవుకి ముందే చెప్పేస్తుంది.

అన్నట్టు, మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ఒక చెయ్యి ఎమర్జెన్సీ స్విచ్ మీదే ఉండాలి. ఎన్‌కోడర్ దిశ తిరగబడి ఉంటే తేడా పెరిగేకొద్దీ ఇంకా తప్పువైపే నెడుతుంది. టేబుల్ చివరిదాకా ఉరుకుతుంది. అక్కడ కంట్రోల్-సీ పనిచెయ్యదు.

సరే, అసలు విషయానికొస్తే. బాబాయికి బేరింగ్ హౌసింగుల ఆర్డర్ వచ్చింది. 6206 బేరింగ్, అంటే 62 మిల్లీమీటర్ల బోరు. డ్రాయింగ్ మీద హెచ్7 అని ఉంది. ఆ సైజుకి హెచ్7 అంటే 62కి పైన 30 మైక్రాన్ల లోపు ఉండాలి, కింద ఒక్క మైక్రాన్ కూడా తగ్గకూడదు. రిట్రోఫిట్‌కి తెచ్చిన అప్పు తీరాలంటే ఇలాంటి ఆర్డర్లే దిక్కు. ట్రయల్ ముక్కలో బోరు లోపల రెండుచోట్ల సన్నటి గీత కనబడింది. గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల. టేబుల్ ఎక్స్ దిశలో వెనక్కి తిరిగేది సరిగ్గా అక్కడే.

స్క్రీన్ మీద గ్రాఫ్ చూస్తే ఎక్స్ యాక్సిస్ ఎర్రర్ ఐదారు మైక్రాన్లు దాటలేదు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అంతా పచ్చగా ఉంది! అప్పుడు ఆపరేటర్ అన్నాడు: "తమ్మీ, జర ఆగు. అంకెలు తర్వాత, ముందు డయల్ పెట్టి చూద్దాం." టేబుల్‌కి డయల్ గేజ్ ఆనించి, మోటారు లాక్ అయి ఉండగానే చేత్తో టేబుల్‌ని అటూ ఇటూ నెట్టాడు. ముల్లు 40 మైక్రాన్లు ఆడింది. ఎన్‌కోడర్ ఉన్నది మోటారు మీద, కోత పడేది టేబుల్ మీద. మధ్యలో వదులుంటే ఎన్‌కోడర్‌కి ఎలా తెలుస్తుంది? మన మానిటరింగ్ డ్యాష్‌బోర్డులు లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే కొలిచి అంతా బావుందనటం గుర్తొచ్చింది.

ఇక్కడ అంకెలతో చెయ్యగలిగింది ఏముంది? ఐ పెంచినా లాభం లేదు, మోటారు ఉండాల్సిన చోటే ఉంది మరి. పోనీ టేబుల్‌కి విడిగా స్కేలు పెట్టి దాన్నే నమ్ముదామంటే, ఆ వదులులో అటూ ఇటూ వెతుక్కుంటూ టేబుల్ వణుకుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో బ్యాక్‌లాష్ అని ఒక గడి ఉంది, అందులో 0.04 రాసెయ్యొచ్చు. గాల్లో తిప్పితే డయల్ కూడా ఒప్పుకుంటుంది. కట్టర్ దిగి టేబుల్‌ని తనవైపు లాగినప్పుడు ఆ 40 మైక్రాన్లూ మళ్ళీ బయటికొస్తాయి.

స్క్రూ చివర బేరింగ్ లాక్‌నట్ వదులైంది. బిగిస్తే ఆట 5 మైక్రాన్లకి దిగింది. ఆ తర్వాతే ట్యూనింగ్. మోటారు గుంయ్‌మనేదాకా పీ పెంచి, బాగా కిందికి దించాం. ఫీడ్‌ఫార్వర్డ్ సరిచేశాం. ఐ చిటికెడు వేశాం. డీ అవసరమే పడలేదు. ఒక్క పూటలో అయిపోయింది. బోరు పాసయింది.

జీగ్లర్, నికల్స్ 1942లో ఇచ్చిన సూత్రం చాలామంది చదివే ఉంటారు. ఊగేదాకా పీ పెంచి, అందులోంచి మిగతావి లెక్కకట్టడం. దాన్ని యథాతథంగా వాడితే కాస్త దాటిపోయి వెనక్కొస్తుంది. ఫర్నేసులో వేడికి అది చెల్లుతుందేమో గానీ, మిల్లింగ్‌లో దాటిపోతే ఇనుము కోసుకుపోతుంది. రోల్‌బ్యాక్ లేదు.

ఈ పీఐడీ సిద్ధాంతాన్ని 1922లో రాసిపెట్టిన మినోర్‌స్కీ కూడా ఓడ చుక్కాని పట్టేవాళ్ళు ఏం చేస్తారో గమనించే ఆ లెక్కలు కట్టాడు. అంటే ఆ మూడు అక్షరాల వెనక ఉన్నది పనిచేసేవాడి చెయ్యే. ఆ చేతికి మనం గ్రాఫ్ కన్నా తక్కువ విలువ ఇవ్వటం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

నా ఉద్దేశంలో మన రీట్రై లూపు అచ్చం ఐ లాంటిదే. నిజంగా కావాల్సిన చోట కొంచెం ఉంటే మంచిది. అవతలి సర్వీసు ఇరుక్కుపోయినప్పుడు బాకీ పోగవుతూ ఉంటుంది, అది లేచిన మరుక్షణం అంతా ఒకేసారి మీద పడుతుంది. సర్వోలో దీన్ని వైండప్ అంటారు, మనం రీట్రై స్టార్మ్ అంటాం. మందు రెండింటికీ ఒకటే. పరిమితి పెట్టడం, అంతకన్నా ముందు వదులైన నట్ ఎక్కడుందో వెతకడం. కొత్తగా టీములో చేరిన పిల్లలకి నేను చెప్పేది కూడా ఇదే: అంకె మార్చే ముందు, అది ఏ లోపాన్ని కప్పబోతోందో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ అంకె జోలికి వెళ్ళకండి.